మళ్లీ రీలోడింగ్‌లోకి వస్తున్నారా? కొత్తవి కొనేముందు పాత పెట్టె విప్పండి

కాల్చేసిన తూటా ఖాళీ కేసులో (ఇత్తడి గొట్టం) కొత్త ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ పెట్టి మళ్లీ తూటా చేసుకోవడమే రీలోడింగ్. ఆ సామానున్న నా పెట్టెకు పంతొమ్మిదేళ్లు మూత తీయలేదు. పోయిన చలికాలంలో కిందికి దించి తెరిస్తే ముందు పాత గ్రీజు వాసన కొట్టింది. నూనెగుడ్డలో చుట్టిన ప్రెస్ (హ్యాండిల్ లాగితే కేసుని డైలోకి నొక్కే యంత్రం), .308 వించెస్టర్ రైఫిల్ తూటాకి ఒక డై సెట్టు (కేసుకి కొలతా ఆకారమూ ఇచ్చే అచ్చులు), .38 స్పెషల్ రివాల్వర్ తూటాకి ఇంకొకటి, బీమ్ త్రాసు, నా చేతిరాతతో నిండిన నోట్‌బుక్. ముప్పై ఎనిమిదో ఏట ఉద్యోగం, పిల్లల చదువులు మీద పడి ఈ పని పక్కన పెట్టాను. ఇప్పుడు యాభై ఏడు. దగ్గరి అక్షరాలకు కళ్లద్దాలు కావాలి, కుడి భుజం పైకెత్తితే పట్టేస్తుంది, నెలకు కాల్చేది కూడా అప్పటంత కాదు.

ఈ ఏడాదిలో కొన్నవీ, అమ్మేసినవీ, ఉంచుకున్నవీ చూసుకుంటే నాకు అర్థమైంది ఒకటే. వదిలేసిన రోజున మీరెలా ఉండేవారో ఆ మనిషి కోసం కొనకూడదు. ఈ రోజు ఆ బెంచీ ముందు కూర్చునే మనిషికి ఏం కావాలో అది కొనాలి. కింద రాసిందంతా ఆ లెక్కలోనే రాశాను.

ఒక మాట ముందే. ఇంట్లో తూటాలు నింపుకోవడం కొన్ని దేశాల్లో మామూలు హాబీ, కొన్నిచోట్ల లైసెన్సు ఉంటేనే కుదురుతుంది, కొన్నిచోట్ల నేరం. పౌడర్, ప్రైమర్లు ఎంత నిల్వ ఉంచుకోవచ్చన్న దానికీ నిబంధనలుంటాయి. మీరు వదిలేసిన నాటి చట్టమే ఇప్పుడూ ఉందనుకోకండి. అది తేల్చుకున్నాకే సామాను జోలికి వెళ్లండి.

పాత పెట్టెలో ఏది ఉంచాలి, ఏది పారేయాలి

ఇనుముకు వయసు రాదు, తుప్పు వస్తుంది, అంతే. ప్రెస్ ర్యామ్‌ని (కేసుని పైకి మోసే కడ్డీ) సాల్వెంట్‌తో తుడిచి, పైకి లేపి, వేళ్లతో అటూ ఇటూ కదిపి చూడండి. కొద్దిపాటి కదలిక ఉంటే పరవాలేదు. టకటకమని కొట్టుకుంటే లింకు పిన్నులు అరిగాయన్నమాట. డైలను పూర్తిగా విప్పండి. డీక్యాపింగ్ పిన్ (వాడేసిన ప్రైమర్‌ని బయటికి నెట్టే సూది) వంగిందేమో చూడండి. చాలా పిస్టల్, రివాల్వర్ సైజింగ్ డైల నోట్లో కార్బైడ్ రింగు ఉంటుంది, టార్చి వేసి దాని మీద పగులు ఉందేమో వెతకండి. ఉంటే ఆ డై ప్రతి కేసు మీదా గీత గీస్తుంది.

పాత డైలు కొత్త ప్రెస్‌కి పట్టవేమోనని చాలామందికి భయం. దాదాపు అన్నీ పడతాయి. అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతుల వ్యాసం, అంగుళానికి 14 మరలు, ఈ కొలత దశాబ్దాలుగా మారలేదు. మినహాయింపులున్నాయి. డిల్లన్ వాళ్ల స్క్వేర్ డీల్ బి ప్రెస్ తన సొంత డైలే అడుగుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో అది కనిపిస్తే మీ పాత డైలు పనికిరావని తెలిసే కొనండి.

పౌడర్ సంగతి వేరు. నా పెట్టెలో రెండు డబ్బాలున్నాయి. ఒకటి మూత తీస్తే మంచి పౌడర్‌కి ఉండే సాల్వెంట్ వాసనే వచ్చింది. రెండోదాని వాసన ముక్కు పొడుచుకునేంత పుల్లగా ఉంది, గింజల మీద ఇటుకరంగు దుమ్ము, డబ్బా లోపలి అంచుకు తుప్పు. ఆ రంగూ ఆ వాసనా కనిపిస్తే ఇక రెండో ఆలోచన లేదు, ఆ పౌడర్ పాడై విచ్ఛిన్నమైపోతోంది. ఇంట్లో ఉంచకూడదు. మీ ఊరి నిబంధన ప్రకారం వదిలించుకోండి. లేబుల్ ఊడిపోయిన డబ్బా అయితే లోపలిది ఎంత తాజాగా కనిపించినా అంతే. చూపుతో పౌడర్‌ని గుర్తుపట్టగల మనిషి ఎవరూ లేరు.

లోడింగ్ మాన్యువల్ (ఏ తూటాకి ఏ పౌడర్ ఎంత పోయాలో చెప్పే పుస్తకం) మాత్రం తప్పకుండా కొత్తది కొనండి, నా దృష్టిలో మొదట కొనాల్సింది అదే. ఒకప్పటి పుస్తకాల్లో పీడనాన్ని రాగి ముక్క నలిగే తీరును బట్టి కొలిచారు, ఇప్పుడు పైజో (ఒత్తిడిని విద్యుత్ సంకేతంగా మార్చే) సెన్సర్లతో కొలుస్తున్నారు. బుల్లెట్ల ఆకారం మారింది, కొన్ని పౌడర్ల తయారీ మారింది. పేర్ల తికమక ఒకటి. హెచ్ 4831, ఐఎంఆర్ 4831 అని రెండు పౌడర్లున్నాయి. అంకె ఒకటే, కానీ రెండోది మొదటిదాని కన్నా త్వరగా మండుతుంది. ఒకదాని లెక్కతో ఇంకోటి పోస్తే పీడనం హద్దు దాటుతుంది. నా పాత నోట్‌బుక్‌లో ఒక పేజీలో ‘4831’ అని మాత్రమే ఉంది, ముందు అక్షరాలు రాయలేదు. ఆ పేజీ మీద అడ్డంగా గీత కొట్టేశాను.

ప్రెస్: ఇక్కడే అందరూ తొందరపడేది

నేనూ తొందరపడ్డాను. రేంజ్‌లో పక్క లేన్ కుర్రాడు ‘‘అంకుల్, ఈ రోజుల్లో సింగిల్ స్టేజ్ ఏంటి, ప్రోగ్రెసివ్ తీసుకోండి, గంటకు నాలుగొందల తూటాలు’’ అన్నాడు. అతను వారం వారం పోటీలకు వెళ్తాడు, అతనికి అది నిజమే. నేను నెలకు కాల్చేది అరవై .308, ఓ రెండొందల .38. ఆ లెక్క కాగితం మీద రాసుకోకుండానే ప్రోగ్రెసివ్ కొన్నాను.

మూడు రకాల తేడా ముందు చెప్తాను. సింగిల్ స్టేజ్‌లో ఒకసారి ఒక డై మాత్రమే. వంద కేసులకూ సైజింగ్ (కాల్చాక ఉబ్బిన కేసుని మళ్లీ పాత కొలతకు నొక్కడం), డై మార్చి వందకూ మరో పని, అలా. నా చేతిలో, తీరిగ్గా చేస్తే, గంటకు యాభై తూటాలు. టరెట్ ప్రెస్‌లో డైలన్నీ పైనున్న చక్రంలో ఉంటాయి. కేసు కదలదు, చక్రం తిరుగుతుంది, ఒక కేసు మొదలుపెట్టి పూర్తిచేసి తీస్తాం. గంటకు నూట ఇరవై, నూట యాభై. ప్రోగ్రెసివ్‌లో కేసులే వరసగా తిరుగుతాయి. ప్రతి హ్యాండిల్ లాగుడుకీ నాలుగైదు చోట్ల నాలుగైదు పనులు ఒకేసారి జరిగి, ఒక తూటా బయటికొస్తుంది.

వేగమంతా అందులోనే ఉంది, ప్రమాదం కూడా. ఒక సాయంత్రం .38 చేస్తున్నాను. ప్రైమర్ అడ్డం పడి హ్యాండిల్ సగంలో ఆగింది. వెనక్కి వదిలి, ప్రైమర్ తీసి, మళ్లీ లాగాను. నాలుగైదు లాగుళ్ల తర్వాత ఒళ్లు జలదరించింది. ఆగినప్పుడు పౌడర్ కింద ఉన్న కేసులో ఒకసారి పడిందా, రెండుసార్లా? .38 స్పెషల్ నల్లమందు రోజుల్లో రూపుదిద్దుకున్న కేసు, లోపల ఖాళీ ఎక్కువ. త్వరగా మండే పౌడర్ రెండు కొలతలు పడినా పొంగి బయటికి రాదు. గిన్నెలో ఉన్న తూటాలన్నీ కలిసిపోయాయి. ఆ రాత్రి కూర్చుని నలభై ఒక్క తూటాల బుల్లెట్లూ పీకాను. ముప్పై ఎనిమిదోదానిలో దొరికింది, త్రాసులో వేస్తే సరిగ్గా రెట్టింపు. ఆ తూటా ఎవరి రివాల్వర్‌లోకి వెళ్లేదో తల్చుకుంటే ఇప్పటికీ నాకు చెయ్యి వణుకుతుంది. నేను కాల్చే లేన్ పక్కనే ఆ కుర్రాడు నిలబడతాడు.

తప్పు యంత్రానిది కాదు. పని మధ్యలో ఆగితే ఏ కేసు ఏ దశలో ఉందో గుర్తుపెట్టుకునే అలవాటు ఉండాలి, పంతొమ్మిదేళ్ల విరామం తర్వాత అది నాలో లేదు. ప్రోగ్రెసివ్ అమ్మి టరెట్ తీసుకున్నాను. .38కి టరెట్, .308కి పాత సింగిల్ స్టేజ్. నెలకు వెయ్యి దాటి కాల్చేవాళ్లు ప్రోగ్రెసివ్ తీసుకోవాల్సిందే, కాదనను. అయితే పౌడర్ మట్టాన్ని చెక్ చేసే డై పెట్టే చోటు ఉన్నది చూసుకోండి. డిల్లన్ 550కి నాలుగు స్టేషన్లే, తిప్పడం చేత్తోనే. ఎక్స్‌ఎల్ 750కి ఐదు. హార్నడీ లాక్-ఎన్-లోడ్ ఏపీకి కూడా ఐదు, దానంతటదే తిరుగుతుంది. ఆ ఐదో చోటు విలువ నాకు ఆ రాత్రి తెలిసింది.

సింగిల్ స్టేజ్ కొత్తగా కొనేవాళ్లు బరువైన పోత ఇనుప ఓ-ఫ్రేమ్ (‘O’ అక్షరంలా చుట్టూ మూసుకున్న చట్రం) తీసుకోండి. ఆర్‌సీబీఎస్ రాక్ చకర్ తరహావి, లీ క్లాసిక్ కాస్ట్ తరహావి తరతరాలు నిలుస్తాయి. లీ క్లాసిక్ కాస్ట్‌లో వాడేసిన ప్రైమర్ బోలు ర్యామ్ గుండా గొట్టంలోకి జారిపోతుంది. చిన్న విషయంలా ఉంటుంది గానీ ప్రైమర్ మసి బెంచీ మీద చిందకపోవడం పెద్ద సుఖం. ఫార్స్టర్ కో-ఆక్స్‌లో డై తిప్పి బిగించే పనే లేదు, పక్కనుంచి తోసేస్తే కూర్చుంటుంది. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు దాన్ని ఒకసారి పట్టుకుని చూడాలి.

భుజం మాట ఎత్తాను కదా. ప్రెస్ కొనడం కన్నా దాన్ని ఏ ఎత్తులో బిగించారన్నది నా నొప్పిని ఎక్కువ తగ్గించింది. హ్యాండిల్ పైన ఉన్నప్పుడు చెయ్యి భుజం కన్నా పైకి పోకూడదు. నేను స్టూలు మీద కూర్చుని, అట్టముక్క ప్రెస్ ఆకారంలో కత్తిరించి గోడకు అంటించి, చేత్తో లాగుతున్నట్టు చేసి ఎత్తు గుర్తుపెట్టుకున్నాను. బెంచీ గోడకు మరలతో కట్టి ఉండాలి. .308 సైజింగ్ చేసేటప్పుడు బల్ల కదిలిందంటే ఆ బలమంతా మీ భుజం మీదికే వస్తుంది.

త్రాసు

డబ్బు తక్కువుంటే ప్రెస్‌లో తగ్గించుకోండి గానీ త్రాసులో వద్దు. మనం కొలిచేది గ్రెయిన్లలో. ఒక గ్రాముకు పదిహేనున్నర గ్రెయిన్లు లెక్క. త్రాసు చూపాల్సింది అందులో పదో వంతు, అంటే ఆరున్నర మిల్లీగ్రాములు.

నా పాత బీమ్ త్రాసు తీసి బెంచీ మీద పెట్టాను. సున్నాకి రాలేదు. చూపుడుముల్లు గీత కన్నా కాస్త కింద ఆగిపోతోంది, వేలితో తడితే ఇంకోచోట ఆగుతోంది. దూలాన్ని ఎత్తి చూస్తే కత్తి అంచు కూర్చునే రాతి గాడిలో సాలెపురుగు దారమంత మసి. మెత్తటి కుంచెతో, ఆల్కహాల్‌తో తుడిచాను. నూనె వేయకూడదు, దుమ్ము పట్టుకుంటుంది. మళ్లీ పెట్టాక ముల్లు ఊగి ఊగి గీత మీదికొచ్చి నిలిచింది. అంతలో ఫ్యాన్ గాలికి పళ్లెం వణికింది. ఫ్యాన్ ఆపాను. నేను వంగి ఊపిరి వదిలితే ఆ ఊపిరికి కూడా వణికింది.

త్రాసు బాగుంది, చూసే కన్నే బాగోలేదు. కళ్లద్దాల్లోంచి పైనుంచి చూస్తే ముల్లు ఒకచోట, తల వంచి చూస్తే ఇంకోచోట. దానికి కొత్త త్రాసు కొనలేదు. ఫోన్‌ని చిన్న స్టాండుకు పెట్టి, కెమెరాని గీతకు సరిగ్గా ఎదురుగా, అదే ఎత్తులో నిలబెట్టాను. తెరమీద ముల్లు పెద్దగా కనిపిస్తుంది, చూపు కోణం మారదు. నా ఖర్చు ఆ స్టాండు ఒక్కటే.

డిజిటల్ కావాలంటే తీసుకోండి, ఆన్ చేసి కాసేపు వేడెక్కనివ్వాలి, పని మధ్యలో సున్నా జరుగుతూ ఉంటుందని తెలిసి వాడాలి. పది తూటాలకోసారి ఖాళీ పళ్లెం పెట్టి చూడండి. పౌడర్‌ని తనే పోసి తనే తూచే ఎలక్ట్రానిక్ డిస్పెన్సర్లు సౌకర్యమే, కానీ మొదటి ఆరు నెలల్లో వాటి అవసరం రాదు. ఏ త్రాసైనా చెక్ వెయిట్లు (కచ్చితమైన బరువు తెలిసిన చిన్న తూకపు బిళ్లలు) మాత్రం తప్పనిసరి. మీరు పోసే కొలతకు దగ్గర బరువు పెట్టి పరీక్షించాలి. సున్నా దగ్గర సరిగ్గా ఉండి నలభై గ్రెయిన్ల దగ్గర తప్పే త్రాసు నేను చూశాను.

పౌడర్ మెజర్ (డ్రమ్ము తిప్పితే పౌడర్ కొలిచి పోసే పరికరం) గురించి రెండు మాటలు. గుండ్రటి సన్న గింజల పౌడర్ డ్రమ్ములోంచి నీళ్లలా పడుతుంది. పుల్లల్లాంటిది పడదు, డ్రమ్ము అంచు పుల్లను కోసేటప్పుడు చేతికి కరకరమని తెలుస్తుంది, కొలత అటూ ఇటూ అవుతుంది. అలాంటప్పుడు కొంచెం తక్కువ పోసి మిగతాది ట్రిక్లర్‌తో కొన్ని గింజల చొప్పున రాల్చుకోవడమే. పని అయ్యాక మెజర్‌లో పౌడర్ వదిలేయకండి. కొన్ని పౌడర్లు ప్లాస్టిక్‌ని తినేస్తాయి, పైగా రేపు అందులో ఉన్నది ఏదో మీకు గుర్తుండదు.

కడగడం

పాతరోజుల్లో గదిలోనే వైబ్రేటరీ టంబ్లర్‌లో (వణికిస్తూ శుభ్రం చేసే యంత్రం) కాల్చిన కేసులు, మొక్కజొన్న కండె పొట్టు వేసి తిప్పేవాణ్ని. మూత తీస్తే లేచే ఆ బూడిదరంగు దుమ్ములో ప్రైమర్ల సీసం ఉంటుంది. ఇప్పుడు ఇంట్లో నాలుగేళ్ల మనవరాలు తిరుగుతోంది, నేల మీద పడిందేదైనా చేత్తో తీస్తుంది. అందుకే తడి టంబ్లర్‌కి మారాను. నీళ్లు, గిన్నెలు తోమే ద్రవం కొన్ని చుక్కలు, చిటికెడు నిమ్మ ఉప్పు, సన్న స్టెయిన్‌లెస్ పిన్నులు. గంటన్నర తిరిగితే ప్రైమర్ గుంట లోపల కూడా మెరుస్తుంది. ముందే ప్రైమర్లు తీసేయడానికి యూనివర్సల్ డీక్యాపింగ్ డై ఒకటి కొనుక్కోండి, మసి కేసుని మంచి సైజింగ్ డైలో పెట్టక్కర్లేదు. ఆ నీళ్లలో సీసం ఉంటుంది కాబట్టి వంటింటి సింకులో పోయకండి. చేతులకు గ్లవ్స్ వేసుకోండి.

కడిగాక ప్రతి కేసునీ వెలుగుకెత్తి చూడాలి. పిన్నులు కేసులో ఇరుక్కుంటే కుదిపినా రాలవు. తడి ఆరకుండా పౌడర్ పోస్తే తూటా పేలకపోవచ్చు, సగం పేలి బుల్లెట్ బ్యారెల్‌లో ఆగిపోవచ్చు. ఒక రోజంతా ఆరనిస్తాను.

ఈ మధ్యలో కేసులు కూడా మారాయి. .45 ఏసీపీ పిస్టల్ తూటా అంటే పెద్ద ప్రైమర్ అని మనకు అలవాటు. ఇప్పుడు చిన్న ప్రైమర్ గుంటతోనూ వస్తున్నాయి, రెండూ కలిసిపోతే ప్రెస్ మధ్యలో నలుగుతుంది. కొన్ని 9 ఎం.ఎం. కేసులకు లోపల మెట్టు ఉంటుంది, ఖాళీ తక్కువ, గోడ తెగే ప్రమాదం ఉంది, అవి పక్కన పారేయండి. సైన్యం వాడిన కేసులకు ప్రైమర్ చుట్టూ క్రింప్ (ప్రైమర్ ఊడకుండా నొక్కి బిగించిన అంచు) ఉంటుంది, దాన్ని నొక్కి సరిచేసే స్వేజర్ గానీ కోసేసే రీమర్ గానీ కావాలి. మీరు ఏరుకొచ్చే కేసుల్లో అవి లేకపోతే ఆ పనిముట్టూ అక్కర్లేదు.

మిగతా చిన్నవి

.308 లాంటి మెడ ఉన్న కేసుకి లూబ్ (డైలో జారడానికి పూసేది) తప్పనిసరి, డై ఎంత మంచిదైనా సరే. మరిచిపోతే కేసు డైలో ఇరుక్కుని దాని అంచు చిరుగుతుంది. ఇరుక్కున్న కేసు తీసే కిట్టు చిన్నదే, అవసరం పడిన రాత్రి దుకాణం తెరిచి ఉండదు కాబట్టి ముందే ఉంచుకోండి. రివాల్వర్‌కి రోల్ క్రింప్ (కేసు నోటిని బుల్లెట్ మీదికి మడిచేది), కేసు నోటి అంచు మీద నిలిచే ఆటోమేటిక్ పిస్టల్ తూటాకి టేపర్ క్రింప్ (నోటిని కొద్దిగా నొక్కేది). బుల్లెట్ కూర్చోబెట్టే డై, క్రింప్ డై వేరువేరుగా తీసుకుంటే సర్దుబాటు సులువు.

ప్రైమర్ పెట్టడానికి చేతిలో పట్టే పరికరం నాకిష్టం. గుంట అడుగుకు ప్రైమర్ తగిలిన క్షణం బొటనవేలికి తెలుస్తుంది. కీళ్లనొప్పులు ఉన్నవాళ్లు బెంచీకి బిగించే రకం తీసుకోండి. ఏదైనా ప్రైమర్ కేసు అడుగు కన్నా వెంట్రుకవాసి లోపలికి ఉండాలి. వేలితో తడిమితే ఉబ్బు తగలకూడదు.

కాలిపర్ ఒకటి, అంగుళంలో వెయ్యో వంతు చూపేది. దానికి తగిలించే కంపారేటర్ నేను పాతరోజుల్లో వాడలేదు, ఇప్పుడు అది లేకుండా .308 చేయను. కాల్చిన కేసు భుజం (మెడ కింది వాలు) ఎంత ముందుకు జరిగిందో దాంతో కొలిచి, సైజింగ్‌లో అంగుళంలో వెయ్యో వంతుకు రెండింతలు మాత్రమే వెనక్కి తోస్తాను. అంతకు ముందు డైని అడుగంటా బిగించేవాణ్ని, ఐదారుసార్లకే కేసులు అడుగు దగ్గర తెగేవి. ట్రిమ్మర్ (సాగిన కేసుని కొలతకు కోసేది) చేత్తో తిప్పేది చాలు. ఎనీలింగ్ యంత్రం (కేసు మెడని వేడిచేసి మెత్తబరిచేది), రాడార్ క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచేది) తర్వాత చూసుకోవచ్చు, క్రోనోగ్రాఫ్ ముందు.

సెకండ్‌హ్యాండ్ ప్రెస్‌లు, డైలు ధైర్యంగా కొనండి. సెకండ్‌హ్యాండ్ పౌడర్, ప్రైమర్లు ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోకండి. ఇంకొకరు నింపిన తూటాలు కూడా.

చివరిగా మూడు చవక వస్తువులు, నా బెంచీ మీద ఎక్కువ పనిచేసేవి ఇవే. కేసులు నిలబెట్టే యాభై రంధ్రాల లోడింగ్ బ్లాక్. మెడ వంగే దీపం: పౌడర్ పోసిన యాభై కేసుల మీద దాన్ని వంచి, బుల్లెట్ పెట్టేముందు వరసగా లోపలికి చూస్తాను, మట్టం తేడా ఉన్నది వెంటనే పట్టుబడుతుంది. దగ్గరి చూపు పవర్ వేయించుకున్న సేఫ్టీ కళ్లద్దాలు. బెంచీ మీద ఎప్పుడూ ఒకే పౌడర్ డబ్బా, మిగతావి అలమరాలో.

మొదటి విడతకు పది తూటాలే చేయండి, మాన్యువల్‌లోని ప్రారంభ కొలతతో. డబ్బా మీద తేదీ, కేసు, ప్రైమర్, పౌడర్ పూర్తి పేరు, కొలత, బుల్లెట్ బరువు రాయండి. పౌడర్ పేరు ముందున్న అక్షరాలతో సహా.